జిథర్ మీద సెవెన్త్ కార్డ్స్‌కి మూడు వేళ్లు చాలు

ప్రశ్న ఇది: "గిటార్ మీద సెవెన్త్ కార్డ్స్ వచ్చు. ఇప్పుడు మ్యూనిక్ శ్రుతి కన్సర్ట్ జిథర్ మొదలుపెట్టాను. జి సెవెన్‌కి నాలుగు నోట్లు కావాలి, వేళ్లేమో చాలడం లేదు. ఎలా?"

జిథర్ అంటే బల్ల మీద పడుకోబెట్టి మీటే తీగల వాయిద్యం, మ్యూనిక్ శ్రుతి దాని తీగల్ని కలిపే ఒక పద్ధతి. సెవెన్త్ కార్డ్ అంటే రూట్ (పునాది నోటు), దాని నుంచి లెక్కపెట్టిన మూడో, ఐదో, ఏడో నోట్లు కలిసి మోగడం. జి సెవెన్‌లో అవి జి, బి, డి, ఎఫ్. నాలుగు నోట్లూ ఒకేసారి మోగించాలన్న పట్టుదల ముందు వదిలెయ్యండి. గిటార్ షేపులు ఇక్కడికి మోసుకురావడమే అసలు తప్పు. కుడిచేతి బొటనవేలు ఉంగరం మీటుతో మెట్లున్న ఐదు తీగల మీద పాట వాయిస్తుంటుంది. ఉంగరపు వేలు బేస్ తీగలకి అంకితం. మిగిలినవి చూపుడువేలు, మధ్యవేలు. ఆ రెండింటికీ రెండు నోట్లు ఇస్తే చాలు: కార్డులో మూడోదీ, ఏడోదీ. రూట్‌ని బేస్ చూసుకుంటుంది. ఐదోది లేకపోయినా ఎవరికీ తెలియదు.

కార్డులు పలికించే తోడు తీగలు పన్నెండూ మీ వైపు నుంచి అవతలికి ఈ వరుసలో ఉంటాయి: ఈ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎఫ్, సి, జి, డి, ఏ, ఈ, బి, ఎఫ్ షార్ప్, సి షార్ప్, జి షార్ప్. ప్రతి తీగా తన ముందు తీగకి పంచమం. బేస్ తీగలు పన్నెండూ మళ్లీ ఇదే వరుస. 1838లో మ్యూనిక్‌లో నికోలస్ వైగెల్ ఈ పంచమాల వరుసని ప్రతిపాదించాడు. దాని గొప్పతనం సెవెన్త్ దగ్గరే తెలుస్తుంది.

జి సెవెన్ నుంచి సి కి వెళ్లే ఒక్క చోటు తీసుకోండి, మూడు దెబ్బల వాల్ట్జ్ లయలో. ఒకటో దెబ్బకి ఉంగరపు వేలు బేస్ జి, అంటే ఐదో బేస్ తీగ. రెండు, మూడు దెబ్బలకి చూపుడువేలు మూడో తీగ ఎఫ్ మీద, మధ్యవేలు తొమ్మిదో తీగ బి మీద. వేళ్లు కాస్త విప్పాలి, అంతే. ఇప్పుడు సి రావాలి. చూపుడువేలు ఒక్క తీగ అవతలికి జరిగితే సి, మధ్యవేలు ఒక్క తీగ ఇవతలికి జరిగితే ఈ, ఉంగరపు వేలు ఒక్క తీగ ఇవతలికి జరిగితే బేస్ సి. మూడు వేళ్లూ తలో తీగ! డి సెవెన్ నుంచి జి కి, ఏ సెవెన్ నుంచి డి కి కూడా ఇదే కదలిక. రోజూ పావుగంట దీన్నే, పాట లేకుండా, నెమ్మదిగా చెయ్యండి. ఇంకే షేపూ బట్టీ పట్టక్కర్లేదు.

చెడిపోయేది ఎక్కడంటే, ఎఫ్ తీగ మోగుతూనే ఉంటుంది. సి కార్డు కింద ఆ ఎఫ్ మిగిలితే అంతా బురద. అందుకే చూపుడువేలితో జి, సి రెండు తీగల్నీ కలిపి మీ వైపుకి లాగి, వేలిని ఎఫ్ తీగ మీదే ఆపండి. లాగుడూ అయిపోతుంది, ఎఫ్ నోరూ మూతపడుతుంది. బి కోసం మూడో దెబ్బ చివర మధ్యవేలిని క్షణం సేపు అదే తీగకి ఆనించి, తర్వాత ఈ మీదకి జరపండి.

నిండుగా కావాలంటే డి కూడా కలపండి, కానీ విడివిడిగా: ఎఫ్, డి, బి. మూడు, ఆరు, తొమ్మిది, మధ్యలో రెండేసి తీగలు వదిలి. ఇంకో మూడు దాటి పన్నెండో తీగ జి షార్ప్ కూడా చేరిస్తే డిమినిష్డ్ సెవెన్త్ (నోట్ల మధ్య మూడేసి అరస్వరాల ఎడం ఉన్న కార్డు) సిద్ధం. ఎఫ్, సి, జి, డి, ఏ, ఈ సెవెన్త్‌లకి ఈ ఎడం సరిపోతుంది. బి సెవెన్‌కి మాత్రం ఒకటో తీగ ఈ ఫ్లాట్‌నే డి షార్ప్‌గా వాడాలి. బి ఫ్లాట్ సెవెన్‌కి చివరి జి షార్ప్‌నే ఏ ఫ్లాట్ అనుకోవాలి.

శ్రుతి పరీక్ష కూడా అక్కడే. స-ప వింటూ పెరిగిన మన చెవి పంచమాల్ని శుద్ధంగా కలిపేస్తుంది. ఈ ఫ్లాట్ నుంచి జి షార్ప్ దాకా అలాగే పోతే, బి ఫ్లాట్ సెవెన్‌లో ఏడో నోటు మిగతా సెవెన్త్‌ల కంటే సుమారు 23 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైన కూర్చుంటుంది. ఒక్కో పంచమాన్నీ 2 సెంట్లు తగ్గించి కలపండి. లేదా ట్యూనర్‌ని నమ్మండి.

ఇంకొకటి చెప్పకపోతే మనసొప్పదు. జర్మన్ పుస్తకాల్లో "బి" అంటే బి ఫ్లాట్. మన బి ని వాళ్లు "హెచ్" అని రాస్తారు. ఇది ముందే తెలియక జి సెవెన్‌లో బి ఫ్లాట్ వాయించి, జి మైనర్ సెవెన్ మోగిస్తూ, తప్పు వాయిద్యానిదే అనుకునేవాళ్లు ఎంతోమంది. కొత్తవాళ్లకి పుస్తకం ఇచ్చేటప్పుడు మొదటి పేజీలోనే ఈ ముక్క చెప్పాలి కదా!

మీ దగ్గరున్నది నాలుగేసి తీగల గుంపులున్న కార్డ్ జిథర్ అయితే దారి వేరు. జి గుంపులో బేస్ జి ని ముట్టుకోకుండా, పైనున్న సన్నని జి ని రెండు అరస్వరాలు దించి ఎఫ్ చెయ్యండి. దించితే తీగకి భయం లేదు, పైకి లాగితే తెగొచ్చు. మామూలు జి పోతుంది కాబట్టి సి శ్రుతి పాటలకే ఈ ఏర్పాటు ఉంచుకోండి.

కన్సర్ట్ జిథర్ మీద జి సెవెన్ కుదిరాక దాని ముందు డి మైనర్ సెవెన్ పెట్టండి. మూడోది ఎఫ్, ఏడోది సి, రెండూ పక్కపక్క తీగలే. చూపుడువేలు ఒక్క లాగులో రెండూ పలికిస్తుంది. బేస్ డి, జి, సి: ఆరు, ఐదు, నాలుగు.