సీమ యాసలో ర్యాప్ రాస్తున్న అమ్మాయికి

అనంతపురం

అమ్మీ,

ప్రొద్దుటూరు నుంచి నువ్వు పంపిన ఏడు పాటలూ రెండేసి సార్లు విన్నాను. రెండోసారి సాహిత్యం కాగితం ముందు పెట్టుకుని విన్నాను. సింథసైజర్ మోతల మీద నడిచే ఎలక్ట్రోపాప్, ర్యాప్ కలిపి సినిమా పాటల పోకడలను ఆటపట్టించే ఆల్బమ్ ఒకటి మన వైపు నుంచి రావాలని నాకూ ఆశే. అందుకే కూర్చుని ఈ జాబు రాస్తున్నా.

నీళ్ల ట్యాంకర్ పాట చాలా బాగుంది. ప్రియుడి కోసం ఎదురుచూసినట్టు ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని ఎదురుచూసే అమ్మాయి, వెనక మెత్తటి సింథ్, నిమిషానికి 120 బీట్లు. పల్లవిలో ఆ పిల్ల నిజంగానే విరహంలో ఉంది, నువ్వు కూడా ఎక్కడా నవ్వకుండా పాడావు. ఆ పాట బలమంతా అక్కడే ఉంది. పల్లవి నాలుగైదు సార్లు వస్తుంది కదా, జోకు అందులో పెడితే రెండోసారికే చచ్చిపోతుంది. జోకులు చరణాల్లో పెట్టు.

మూడో పాట దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. అందులో నవ్వు పుట్టించడానికి నువ్వు వాడింది మన యాసను. "యాడికి", "ఏందిరబ్బీ" అన్న ప్రతిచోటా వెనక నవ్వుల సౌండు వేశావు. ఇన్నేళ్లుగా ఎన్నో సినిమాలు మన మాటను తొడగొట్టేవాడికి, వేటకొడవలి పట్టేవాడికి అంటగట్టాయి. మనమూ అదే చేస్తే ఎట్లమ్మా? ఆటపట్టించాల్సింది ర్యాప్ పాటల్లోని గొప్పలను, ఆ కార్లను, మెడలో గొలుసులను. నీ లైను "నా కారు రేంజే వేరు, నా పేరే పెద్ద జోరు" అని ఉంది. ఇందులో పేరడీ ఏముంది? అచ్చం అసలు పాటే. ఇట్లా పాడి చూడు:

"బండి మామది, పెట్రోలు మామది, స్టైలొకటే నాది
తొమ్మిదికల్లా తాళమియ్యల్ల, లేదంటే అత్త తిడతాది"

ఇప్పుడు ఆ కుర్రాడు కళ్లముందు కనిపిస్తాడు. వాడి మీద కాస్త ఇష్టం కూడా పుడుతుంది. "తిడతాది" తర్వాత ఒక బీటు ఖాళీగా వదిలెయ్, వినేవాళ్లకు నవ్వుకోవడానికి చోటుండాలి. ఆ చోటు ఎక్కడ వదలాలో తెలియాలంటే మీ పక్క ఊళ్లలో చెక్కభజన జరిగినప్పుడు వెళ్లి కూర్చో. వేగం పెరిగేకొద్దీ వాళ్లు మాటను ఎక్కడ విరుస్తున్నారో, ఎక్కడ చెక్కలకే వదిలేస్తున్నారో గమనించు.

ప్రాస గురించి ఒక్క మాట. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివరి ప్రాస ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికినదానికి పదును ఉండదు. కంద పద్యంలోలాగా ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే వచ్చేట్టు కలిపి చూడు, ర్యాప్‌లో అది చురుక్కుమంటుంది.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒక పెద్ద కవి శైలి మీద పేరడీ రాసి సభలో చదివాను. జనం నవ్వారు. సభ అయ్యాక ఒక ముసలాయన వచ్చి "ఆయన కవిత ఒకటి చెప్పు నాయనా" అన్నాడు. ఒక్క పాదం కూడా రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. శ్రీశ్రీ కవితలకు పేరడీలు రాసిన జరుక్ శాస్త్రిని తర్వాత చదివాను. మూలం లయ ఎంత బాగా ఒంటబడితే అట్లా రాయగలడు! నువ్వు కూడా ముందు ఏ ఎగతాళీ లేని డ్యాన్స్ పాట ఒకటి నిజాయితీగా రాయి. అది నిలబడితే పేరడీ దానంతటదే వస్తుంది.

ఆటోట్యూన్ 1997లో వచ్చినప్పుడు తప్పిన శ్రుతిని సరిచేసే పనిముట్టు. తర్వాత అదే ఒక గొంతైపోయింది. నువ్వు దాన్ని ఏడు పాటలకూ పూశావు. కుర్రాడు కోతలు కోసే లైన్లకు మాత్రం ఉంచు. అత్త పేరు రాగానే పచ్చి గొంతు వినిపించాలి.

ఐదో పాటలోని సినిమా ట్యూన్ తీసెయ్. 1957 కాపీరైట్ చట్టం విమర్శకు, సమీక్షకు వెసులుబాటు ఇచ్చింది గానీ పేరడీ అనే మాట అందులో లేదు. పోకడ ఎవరి సొత్తూ కాదు, ట్యూన్‌కు మాత్రం హక్కుదారులుంటారు. ఆ పోకడలోనే నీ సొంత ట్యూన్ కట్టు.

ఆదివారం అనంతపురం వస్తానన్నావు కదా. పొద్దున్నే బస్సెక్కితే ఉగ్గాని బజ్జీ వేళకు ఇంట్లో ఉంటావు. మూడో పాట మళ్లీ రాసుకుని తీసుకురా, బీటు వేసుకుని పాడుదాం.