కుళాయి నీళ్లలో సీసం: బిల్డరును అడగవచ్చా?

ప్రశ్న: విజయవాడ పటమటలో మూడేళ్ల కిందట బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొన్నాం. మా పాపకు రెండేళ్లు. వంటింటి కుళాయి నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 0.03 మిల్లీగ్రాముల సీసం ఉందని రిపోర్టు వచ్చింది. కార్పొరేషన్ నీళ్లే అలాంటివని బిల్డరు అంటున్నారు. ఆర్‌ఓ పెట్టించుకోండని అసోసియేషన్ కార్యదర్శి సలహా ఇస్తున్నారు. పైపులు మార్పించే హక్కు మాకు లేదా?

జవాబు: ఉంది. కానీ ఈ ఒక్క రిపోర్టు పట్టుకుని నోటీసు ఇవ్వకండి. నోటితో చెప్పిన మాటనే బిల్డరు ఈసారి లాయరు చేత రాయించి పంపుతారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించకూడదు. వేరే నీటి వసతి లేని చోట కొన్ని పదార్థాలకు ఇచ్చే సడలింపు సీసానికి లేదు. కాబట్టి నీళ్లు చెడ్డవన్నది తేలింది. సీసం ఎక్కడ కలిసిందన్నదే తేలలేదు, కేసు నిలబడాలన్నా వీగిపోవాలన్నా దాని మీదే.

గుర్తింపు ఉన్న ల్యాబు మనిషిని పిలిపించి, కార్యదర్శి ఎదుట విడివిడిగా నమూనాలు తీయించండి. రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి ఉదయం పట్టిన మొదటి నీళ్లు, కొన్ని నిమిషాలు వదిలాక అదే కుళాయి నీళ్లు, సంపులో పడకముందు కార్పొరేషన్ నీళ్లు. బోరు కలుపుతుంటే అదీ. మొదటి సీసాలోనే సీసం ఎక్కువగా ఉంటే అనుమానం మీ ఇత్తడి కుళాయి మీదకు, దాని ఫిట్టింగుల మీదకు వెళ్తుంది. బయటి నీళ్లు శుభ్రంగా ఉండి ఇంట్లోవి రెండూ చెడిపోతే భవనం పైపులు, ట్యాంకు చూడాలి. పీవీసీ పైపులు వేడికి చెడిపోకుండా తయారీలో కలిపే సీసం పదార్థాల (స్టెబిలైజర్ల) వాడకంపై కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. పైపు మీద ముద్రించిన కంపెనీ పేరు, ఐఎస్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. ఎవరైనా టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపేది) ముంచి 'భేషైన నీళ్లు' అంటే తలూపకండి. ఆ మీటరు సీసాన్ని విడిగా చూపదు.

లోపం భవనానిదని తేలితే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, 14(3) సెక్షన్ మీకు బలమైన ఆధారం. ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు పనితనంలోగాని, నాణ్యతలోగాని లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. మీకింకా రెండేళ్లు ఉంది. అయితే రాతపూర్వకంగా, రసీదు మిగిలేలా తెలియజేయండి. ఫోనులో చెప్పిందాన్ని రుజువు చేయడం కష్టం. ఫిర్యాదు అసోసియేషన్ పేరుతో వేస్తే ఇంకా బరువు. ఆర్‌ఓ సలహా ఇచ్చిన కార్యదర్శిగారి ఇంటికి వచ్చేదీ ఆ ట్యాంకు నీళ్లే కదా!

ఒక చిక్కుంది. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లో ఇలాంటి అపార్టుమెంట్లు వీధికొకటి. మీది అలాంటిదైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, అది దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. గడువు రెండేళ్లు. ఫ్లాటు తీసుకున్న రోజు నుంచే లెక్కించాలని బిల్డరు వాదిస్తారు, రిపోర్టు వచ్చాకే లోపం తెలిసిందని మనం చెప్పాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. అవసరమైతే కమిషనే నమూనాకు సీలు వేయించి ల్యాబుకు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మీరు కట్టాలి.

లోపం నిజంగా కార్పొరేషన్ నీళ్లదే అయితే, ప్రజోపయోగ సేవల వివాదాలు తీర్చే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. నీటి సరఫరా దాని పరిధిలోని ప్రజోపయోగ సేవ, కోర్టు ఫీజు ఉండదు. ముందుగా సమాచార హక్కు కింద మీ ప్రాంతపు నీటి పరీక్షల రిపోర్టులు అడగండి.

కేసు తేలేదాకా ఆ నీళ్లే తాగక్కర్లేదు. మరగబెడితే సీసం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గీజరు నీళ్లు వంటకు, పాపకు పాలు కలపడానికి వాడకండి. ఉదయపు మొదటి నీళ్లు అంట్లకు, మొక్కలకు వదిలేయండి. సరిగా పనిచేసే ఆర్‌ఓ సీసాన్ని చాలావరకు తీసేస్తుంది కాబట్టి పెట్టించుకోండి, బిల్లు మాత్రం దాచండి, పరిహారంలో అడగవచ్చు. ఆర్‌ఓ పెట్టించుకున్నంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. పైగా నష్టం తగ్గించుకునే దారి ఉండీ ఊరుకున్నారని అవతలివారు అనలేరు. పాపను పిల్లల డాక్టరుకు చూపించి, రక్తంలో సీసం పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు తేదీతో సహా ఫిర్యాదుకు జతచేయాలి.