ఒంటరిగా బైక్ ర్యాలీకి వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చా?

మీ ప్రశ్నలో మూడు భయాలు కనిపించాయి. తోడు లేకుండా వెళ్తే అక్కడ బిక్కమొహం వేసుకుని తిరగాలేమోనని, మీ 150 సీసీ బండిని పెద్ద బళ్లవాళ్లు చిన్నచూపు చూస్తారేమోనని, పోనూ రానూ 300 కిలోమీటర్లు ఒక్క రోజులో కష్టమేమోనని. వాన మాట కూడా అడిగారు, చివర్లో చెప్తాను. మొదటి రెండు భయాలూ వదిలేయండి. మూడోదాన్ని మాత్రం కొంచెం పట్టించుకోవాలి. నేను ర్యాలీలకు ఎక్కువగా ఒక్కడినే వెళ్తుంటాను. పొద్దున్నే బయల్దేరి, చీకటి పడేలోపు ఇల్లు చేరేలా చూసుకుంటాను.

తోడు సంగతి చెప్పాలంటే, ర్యాలీ అన్నదే ఎక్కడెక్కడివాళ్లో ఎవరి బండి మీద వాళ్లు వచ్చి ఒకచోట కలవడం. జర్మనీలో నడి చలికాలంలో ఎలిఫాంటెన్‌ట్రెఫెన్ (అంటే ఏనుగుల కలయిక) అనే బైక్ ర్యాలీ జరుగుతుంది, అది 1956లో అలా పుట్టిందే. జుండాప్ కేఎస్ 601 అనే సైడ్‌కార్ బండికి ఆకుపచ్చ ఏనుగు అని ముద్దుపేరు. ఆ బళ్లున్న కొద్దిమంది కలుసుకున్నారు, ఏనుగు పేరు ర్యాలీకీ అంటుకుంది. ఇప్పటికీ మంచులో బండి నడుపుకుంటూ వచ్చి గుడారాల్లో పడుకుంటారు. వాళ్ల పక్కన మన పగటి ప్రయాణం ఏపాటిది!

అక్కడ మీరు చేయాల్సిందల్లా బండి ఆపి, హెల్మెట్ తీసి, రెండు నిమిషాలు దాని పక్కనే నిలబడటం. ఎవరో ఒకరు వచ్చి "ఎక్కడి నుంచి?" అంటారు. ఎన్ని సీసీలు అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఖరీదైన బండిని ట్రెయిలర్ మీద మోసుకొచ్చి గేటు దగ్గర దించుకునేవాళ్లు ఉంటారు. జోకులన్నీ వాళ్ల మీదే పేలతాయి, చిన్న బండి తోలుకుంటూ వచ్చినవాడి మీద కాదు.

ఒకసారి నా పక్కన బండి పెట్టిన పెద్దాయన ఒకరు, ఎవరో కుర్రాడి చైను వంక చూస్తూ ఉండబట్టలేక నేల మీద చతికిలబడ్డారు. చైను తిరిగే రెండు పళ్ల చక్రాల (స్ప్రాకెట్ల) మధ్య కింది చైనును వేలితో పైకెత్తి చూపించారు. కుర్రాడు "నిన్ననే చూశానండీ, సరిగ్గానే ఉంది" అన్నాడు. "ఒక్కచోట చూస్తే చాలదు బాబూ, చక్రం తిప్పు" అన్నారాయన. ఒకచోట వదులుగా ఊగిన చైను, అర చుట్టు తిప్పేసరికి తీగలా బిగుసుకుంది. చైను అంతటా ఒకేలా అరగదు. చాలా రోడ్డు బళ్లకు పైకీ కిందకీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగేంత వదులు ఉండాలంటారు, మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. దాన్ని బాగా బిగుతుగా ఉన్న చోటే కొలవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడల్లా ఆ లాగుడు బేరింగుల మీద పడుతుంది. గుంపుతో వచ్చి ఉంటే నేను ఆ అరగంట అక్కడ నిలబడేవాణ్ని కాదు, ఎవరో ఒకరు "పద పద" అని లాక్కెళ్లేవాళ్లు. ఒంటరిగా వెళ్లమని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

ఒక్కరే ఉన్నప్పుడు కొన్ని పనులకు రెండో మనిషి సాయం ఉండదు, అంతే. పార్కింగ్ సాధారణంగా గడ్డి మైదానంలో ఉంటుంది. మెత్తటి నేలలో సైడ్ స్టాండు నెమ్మదిగా దిగబడి, మీరు లేనప్పుడు బండి ఒరుగుతుంది. నొక్కి చదును చేసిన డబ్బా రేకో చిన్న చెక్క ముక్కో జేబులో ఉంచుకుని స్టాండు కింద పెట్టండి. బండి ముందు చక్రం ఎత్తు వైపుంచి ఫస్ట్ గేర్‌లో వదలండి. ఎక్కడ పెట్టారో ఫోటో తీసుకోండి. అయితే పక్కనున్న ఎర్ర బండి గుర్తని పెట్టుకోకండి, మీరొచ్చేసరికి అది వెళ్లిపోయి ఉంటుంది. జాకెట్, హెల్మెట్ రోజంతా చేత్తో మోయడం నరకం. సన్నటి కేబుల్ లాక్‌ను జాకెట్ చేతిలోంచి, హెల్మెట్ గడ్డం భాగంలోంచి దూర్చి బండికి తాళం వేసేయండి.

చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి. గంటకు 100 కిలోమీటర్లు దాటితే హెల్మెట్ లోపల గాలి చప్పుడు 100 డెసిబెల్స్ దాకా పోవచ్చు, ఆ స్థాయిలో పావుగంటకు మించి వినకూడదన్నది వినికిడి నిపుణుల లెక్క. మీ బండి అంత వేగం పోకపోయినా, ర్యాలీలో సైలెన్సర్లు పీకేసిన మహానుభావులు ఉండనే ఉంటారు. చప్పుడు తగ్గితే అలసట కూడా తగ్గుతుంది. మీ ప్రాంతంలో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని బండి నడపడానికి అనుమతి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

అసలు ప్రయాణం తిరుగు దారిలోనే. పొద్దున 150 కిలోమీటర్లు హుషారుగా గడిచిపోతాయి. సాయంత్రం అదే దూరాన్ని ఎండలో నిలబడి నిలబడి అలిసిన ఒంటితో రావాలి. పైగా పడమటికి వెళ్లాల్సి వస్తే ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. కాబట్టి ఎన్నింటికి తిరిగి బయల్దేరాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. అక్కడికెళ్లాక తేల్చుకుందామంటే ఏదో ఒక షో మిగిలే ఉంటుంది. ముగింపు దాకా ఆగితే అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు, ఆ ఊపులో కొందరికి ఒళ్లు తెలియదు. నేను దానికి గంట ముందే కదులుతాను. దారిలో ఏదైనా గుంపు కలిస్తే వాళ్ల వేగం మీది కాదు. గుంపు రెండు వరుసల్లో వెళ్తుంటే, సరిగ్గా మీ ముందున్న బండికి రెండు సెకన్లు, పక్క వరుసలో ముందున్నదానికి ఒక సెకను ఎడం ఉంచండి. మలుపుల్లో ఒకరి వెనక ఒకరు రావాల్సిందే. వాళ్లు లాగేస్తుంటే పోనివ్వండి.

గంట గంటన్నరకు ఒకసారి దిగి నీళ్లు తాగండి. మలుపు తిరిగాక ఇండికేటర్ ఆపడం మర్చిపోతున్నారంటే, గేరు వేసేటప్పుడు బండి కుదుపుతోందంటే ఒళ్లు అలిసిపోయిందని లెక్క, వెంటనే ఆగాలి. హెల్మెట్‌కు నల్ల వైజర్ (ముఖం ముందుండే అద్దం) వేసుకుని వెళ్తే, చీకటి పడితే మార్చుకోవడానికి రంగులేనిది కూడా వెంట ఉండాలి. మందు సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, ఒక్క గ్లాసు కూడా వద్దు.

ఇక వాన. జల్లు పడే సూచన ఉంటే రెయిన్‌కోటు పెట్టుకుని వెళ్లండి. చాలాసేపు ఎండిన రోడ్డు మీద మొదటి చినుకులకు ఆయిలు, దుమ్ము పైకి తేలి జారుడుగా ఉంటుంది. కాసేపు ఎక్కడైనా ఆగి, వాన రోడ్డును కడిగేశాక కదలండి. ముందురోజు రాత్రంతా కురిసి ఉంటే మాత్రం ఆ గడ్డి మైదానంలోకి బండి దించకండి. బురదలో దిగబడితే ఒక్కరే బయటికి లాగలేరు. ఎంత దూరమైనా సరే గట్టి నేల మీద పెట్టి నడిచి వెళ్లండి.