ఉతుకుడు పని పెట్టుకుంటున్న మేనకోడలికి

బిడ్డా,

వనపర్తిల ఇస్త్రీతోపాటు ఉతుకుడు గూడ మొదలు పెడుతున్నవని అన్న ఫోన్ల చెప్పిండు. చాన సంతోషమైంది. నాకు తెలిసింది రాసి పంపుతున్న, ఓపికగ చదువు.

ముందుగాల నీళ్లు చూసుకో. చెరువు రేవుల రెండు రుద్దులకే నురుగొచ్చేది. మన దిక్కు బోరునీళ్లు చాన కాడ ఉప్పగుంటయి, సబ్బు విరిగిపోతది, తెల్లబట్ట బూడిద రంగు తిరుగుతది. అప్పుడు ఇంకింత సబ్బు రుద్దితే లాభం లేదు. నీళ్లల్ల ముందే బట్టల సోడా కలుపు, కానీ నూలు బట్టలకే. మా కాలంల చౌడుమన్ను చేసింది గూడ ఆ పనే. చౌడునీళ్లల్ల ముంచి, బానమీద పేర్చి, రాత్రంత ఆవిరి పట్టిస్తే తెల్లారి బండమీద మురికి ఊడొచ్చేది.

గద్వాల చీర వస్తే పక్కకు పెట్టు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకు పడే సోడా పట్టును తినేస్తది. కొంగు మూల తడిపి తెల్లగుడ్డతోని అద్ది చూడు. రంగు అంటితే ఆ చీరను నానబెట్టనే వద్దు. కుంకుడు రసం, చల్లనీళ్లు, నీడపట్టున ఆరేసుడు. పిండకు. నెత్తురు మరకకు వేడినీళ్లు తగలనియ్యకు, పట్టుకుంటది. పసుపు మరక సబ్బుకు ఎర్రగైతే భయపడకు, ఎండల ఆరేస్తే తేలిపోతది.

ఏ బట్ట ఎవరిదో తెలిసే గుర్తులకు మా అమ్మ నల్లజీడి రసం వాడేది, ఎన్ని ఉతుకులైనా పోదు. అది తోలుకు తగిలితే పుండ్లు లేస్తయి, నీకొద్దు. నంబరు రాసిన గుడ్డపీలిక కట్టు.

కూలి కాడ మాత్రం మొగమాటపడకు బిడ్డా. అమ్మ ఏడాదంత ఊరి బట్టలుతికి కల్లం కాడ వడ్లకు నిలబడేది. పొద్దుగూకినంక గిన్నె పట్టుకొని ఇంటింటికీ అన్నానికి పోయేది. పురుటి బట్టలు, ముట్టు బట్టలు, ఎవ్వరూ ముట్టనివన్నీ ఆమె చేతులే ఉతికినయి, ఆమెనేమో గడప బయట నిలబెట్టిండ్రు. అది నా కండ్లల్ల నుంచి ఇంకా పోలేదు. అందుకే చెప్తున్న, ధరలు గోడకు రాయి, పైసలు చేతుల పడ్డంకనే బట్టలియ్యి. "ఓ సాకలిదానా" అని పిలిస్తే నా పేరిది అని చెప్పు, ఎంత పెద్దోళ్లైనా సరే.

మన లాండ్రీలకు, దోభీఘాట్లకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం చేసిండ్రు. మీటరు పెట్టంగనే దరఖాస్తు చెయ్యి, ఆలస్యం వద్దు.

నడుమెత్తు తొట్టి కట్టించుకో, వంగి ఉతుకకు. సోడాకు చేతులు పగులుతయి, రాత్రి కొబ్బరినూనె రాసుకో. గింజ తీసిన కుంకుడుకాయలు అన్నతోని పంపుతున్న. అయిపోతే ఫోన్ చెయ్యి.

నీ మేనత్త