గింజలతో పుర్రె బొమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అట్ట మీద తెల్ల నువ్వులు అంటించి పుర్రె బొమ్మ చేశాను. కళ్లకి మిరియాలు, పళ్లకి గుమ్మడి గింజలు పెట్టాను. చూసినవాళ్లంతా నవ్వు మొహం బాగుంది అంటున్నారు. తప్పెక్కడ జరిగింది?

జవాబు: ఫొటో చూశానండి. గింజకీ గింజకీ మధ్య అట్ట కనపడకుండా పేర్చారు, అంత ఓపిక అందరికీ ఉండదు. తేడా కళ్ల దగ్గరే వచ్చింది. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కంటి గుంతలు దాదాపు సగం ఎత్తులో ఉంటాయి, మీరు బాగా పైకి పెట్టేశారు. పైగా అవి చుక్కల్లా గుండ్రంగా ఉండవు, మూలలు అరిగిపోయిన చతురస్రాల్లా ఉండి బయటివైపు కాస్త కిందికి వాలుతాయి. ముక్కు చివరంతా మృదులాస్థి కాబట్టి పుర్రెలో అది మిగలదు, అక్కడ తలకిందులైన హృదయం ఆకారంలో ఖాళీ ఉంటుంది.

పుర్రెని పుర్రెలా చూపించేది ఎముక కాదు, ఆ ఖాళీలే. అందుకే ముందు చీకటి వేయండి, తెల్లదనం చివర్లో. మిరియం గుండ్రంగా పైకి ఉబ్బి వెలుతురు పట్టుకుంటుంది, దాంతో గుంత ఉండాల్సిన చోట కనుగుడ్డు వచ్చి కూర్చుంటుంది. నేనైతే అట్టని ఆ ఆకారంలో కోసేసి వెనక నల్ల కాగితం పెడతాను, నిజం గుంతే వస్తుంది. అంచు చుట్టూ నల్ల నువ్వులు, వాటి పక్కన జీలకర్ర, ఆ తర్వాత తెల్ల నువ్వులు. దవడ ఎముక కింద కూడా ఇదే వరస. జీలకర్రని ఎముక వంపు ఎటు తిరిగితే అటే పడుకోబెట్టండి, అడ్డదిడ్డంగా పెడితే నీడలా కాక మచ్చలా కనిపిస్తుంది. గుమ్మడి గింజలు పై వరసలో మొన పైకి, కింది వరసలో మొన కిందికి ఉండాలి, పంటి వేరు అటే కదా.

ప్రశ్న: ఆరు నెలల కిందట చేసిన బొమ్మ నుంచి పొడి రాలుతోంది, పెసలకి చిల్లులు పడ్డాయి. వార్నిష్ వేసినా ఎందుకిలా?

జవాబు: పురుగు బయటినుంచి రాలేదండి, అంటించేటప్పటికే గుడ్లు ఉండి ఉంటాయి. వార్నిష్ వాటిని చంపదు. ఇకమీదట గింజల్ని గాలి చొరని కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో ఒక వారం ఉంచండి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పొద్దు, విప్పితే గింజలకి తేమ పట్టి బూజు వస్తుంది. చిన్న బొమ్మయితే మొత్తం అలాగే పెట్టి చూడొచ్చు. ఎండ తగిలే గోడకి మాత్రం వద్దు, పెసల పచ్చదనం తొందరగా వెలిసిపోతుంది.

ప్రశ్న: గురివింద గింజలకి బెజ్జం వేసి పుర్రె నుదుటి మీద దండలా కుట్టొచ్చా?

జవాబు: వద్దు. వాటిలో అబ్రిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. పైన గట్టి తొక్క ఉన్నంతసేపూ అది లోపలే ఉంటుంది, బెజ్జం వేస్తే ఆ తొక్కే పోతుంది. పిల్లలు తిరిగే ఇల్లయితే అసలు తీసుకురాకండి. ఆముదం గింజలకీ ఇదే మాట.

అలంకారం కావాలంటే స్నాప్‌డ్రాగన్ మొక్క ఎండు కాయలు దొరుకుతాయేమో చూడండి. పూలు రాలాక కాయ ఎండి, గింజలు రాలడానికి దానికి రంధ్రాలు తెరుచుకుంటాయి, చూస్తే రెండు కళ్లూ తెరిచిన నోరూ ఉన్న బుల్లి పుర్రే. ఎవరూ చెక్కింది కాదు. బాగా పెళుసు, వేళ్లతో నొక్కితే పొడైపోతుంది, పట్టకారుతో కాడ దగ్గర పట్టుకుని అడుగున ఒక్క చుక్క జిగురు పెట్టండి.