ఆఫీసు ఫోన్లను ఇంటర్నెట్‌కు కలిపిస్తే లక్షల్లో బిల్లు: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి ఎగుమతి సంస్థ. 2023 ఆగస్టులో మాకు తెలిసిన టెక్నీషియన్ ఒకతను మా ఈపీఏబీఎక్స్‌కు (ఆఫీసు ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజీ మెషీన్) సిప్ ట్రంక్ (టెలికాం సంస్థ ఇంటర్నెట్ మీదుగా ఇచ్చే ఫోన్ లైన్లు) కలిపి, ఇంటర్నెట్ మీదుగా కాల్స్ మాట్లాడుకునే ఏర్పాటు చేశాడు. 2025 సంక్రాంతి సెలవుల్లో ఆఫీసుకు తాళం వేసి ఉండగా, మాకు సంబంధం లేని దేశాలకు వందల కాల్స్ వెళ్లి రూ.6,40,000 బిల్లు వచ్చింది. నాన్నగారి పరువు పోతుందన్న భయంతో అప్పు చేసి కట్టేశాం. ఎనిమిది నెలలైంది. సొంత తమ్ముడిలా చూసుకున్న అతనే ఇప్పుడు మెషీన్ రీసెట్ చేసి, గల్ఫ్ కాల్స్‌ను మా లైన్ల మీదుగా మళ్లిస్తే నష్టం పూడుతుందంటున్నాడు. మేం మోసపోయామని కోర్టు నమ్ముతుందా?

జవాబు: ఆ కాల్స్ మీరు చేయలేదన్న సంగతి ఈ కేసును తేల్చదు. తన ట్రంక్ మీద వెళ్లిన ప్రతి కాల్‌కూ టెలికాం సంస్థ బిల్లు వేస్తుంది. ఆఫీసు ఎక్స్ఛేంజీ భద్రత చందాదారుడిదేనన్న షరతు ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఉంటుంది, మీ ఒప్పందంలోనూ ఉందేమో ముందు చదవండి. కేసు తేలేది ఒక్కచోటే: తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చి, బయటి ఇంటర్నెట్ నుంచి ఎక్స్ఛేంజీలోకి వచ్చే దారి మూసి అప్పగించే పని ఆ టెక్నీషియన్ ఒప్పుకున్నదేనా, ఆ పని చేయకపోవడం వల్లే బయటివారు చొరబడ్డారా? అతనిచ్చిన బిల్లులో కాన్ఫిగరేషన్ (మెషీన్ సెట్టింగులు అమర్చడం) అన్న మాట ఉన్నా, వాట్సాప్‌లో 'అంతా నేను చూసుకుంటాను' అని రాసినా అది మీకు ఆధారమే. అన్నదమ్ముల అభిమానం ఆధారం కాదు. పని అప్పగించినట్టు ఒక్క సంతకం తీసుకోకపోవడం, ఎనిమిది నెలలుగా ఒక్క ఫిర్యాదైనా రాయకపోవడం మీ తప్పులే.

ఇక రుజువు సంగతి. చొరబాటు బయటినుంచే జరిగిందని చూపేది లాగ్, అంటే కాల్స్, లాగిన్‌ల వివరాలు మెషీన్ తనంతట తాను రాసుకునే చిట్టా. అది మెషీన్‌లోనే ఉంటుంది, కొత్త కాల్స్ వచ్చేకొద్దీ పాతవి చెరిగిపోతాయి, రీసెట్ చేస్తే ఏమీ మిగలదు. అతన్ని ఆ మెషీన్ ముట్టుకోనివ్వకండి. మరో నిపుణుడితో లాగ్, కాన్ఫిగరేషన్ నకలు తీయించి, హ్యాష్ విలువతో (నకలు తర్వాత మారలేదని చూపే డిజిటల్ గుర్తు) సహా 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ సిద్ధం చేయించండి. అందులో ఒక భాగంలో మెషీన్ బాధ్యులు, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. టెలికాం సంస్థలు కాల్ రికార్డులను లైసెన్సు షరతు ప్రకారం రెండేళ్లు ఉంచాలి కాబట్టి, సెలవుల నాటి రికార్డు భద్రపరచి నకలు ఇవ్వమని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.

కాలపరిమితి విషయంలో పొరబడకండి. ఒప్పంద భంగంపై దావా వేసేందుకు ఉన్న మూడేళ్ల గడువు బిల్లు వచ్చిన రోజునుంచి కాక, పని లోపంగా చేసిన 2023 ఆగస్టు నుంచే మొదలైందని అవతలి న్యాయవాది తప్పక వాదిస్తాడు. అందుచేత 2026 ఆగస్టునే ఆఖరు గడువుగా పెట్టుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళితే, వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ అన్న అభ్యంతరం మొదటే ఎదురవుతుంది. అక్కడ గడువు కూడా రెండేళ్లే.

గల్ఫ్ కాల్స్ మళ్లించే ఆలోచన ఈ రోజే మానుకోండి. లైసెన్సున్న సంస్థనుంచి సిప్ ట్రంక్ తీసుకుని మీ ఆఫీసు అవసరానికి వాడుకోవడం నేరం కాదు. కానీ విదేశాలనుంచి ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఇతరుల కాల్స్‌ను మీ లైన్లలోంచి స్థానిక ఫోన్లకు పంపితే, అనుమతి లేని ఎక్స్ఛేంజీ నడిపినట్టే. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. లైన్లు మీ పేరున ఉన్నాయి కాబట్టి పోలీసులు మొదట వచ్చేది మీ గడపకే. పైగా ఇప్పుడు బాధితులుగా ఉన్న మీరు నిందితులైతే, టెక్నీషియన్ మీద వేసే దావా కూడా అక్కడితో బలహీనపడుతుంది.

చొరబాటు మీద సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత టెక్నీషియన్‌కు న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. సేవా ఒప్పందం మీద రూ.3 లక్షలు దాటిన వివాదం కాబట్టి అది కమర్షియల్ కోర్టు పరిధిలోకి రావచ్చు. అలాగైతే, అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ మధ్యవర్తిత్వానికి పట్టిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు.