మీ ప్రశ్న – మా జవాబు: ఎక్కువ ఓట్లొచ్చినా ఓటమేనా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పౌరసత్వం వచ్చాక 2020లో మొదటిసారి ఓటేశాడు. ఎవరికి వేశావురా అంటే "బైడెన్‌కి వేశానమ్మా, కానీ టెక్సాస్‌లో నా ఓటు లెక్కలోకి రాదు" అన్నాడు. వేసిన ఓటు లెక్కలోకి రాకపోవడమేంటండీ? 2016లో హిల్లరీ క్లింటన్‌కి ఎక్కువ ఓట్లొచ్చినా ఓడిపోయారట, అదెలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి బాధలో అర్థముందమ్మా. ఆ ఎన్నికలో టెక్సాస్‌లో బైడెన్‌కి 52 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, న్యూయార్క్‌లో ఆయనకు పడిన వాటికంటే కాస్త ఎక్కువే. అయినా టెక్సాస్ నుంచి ఆయనకు దక్కింది సున్నా.

అమెరికాలో జనం అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకోరు. ఎలక్టర్లను ఎన్నుకుంటారు, వాళ్లు డిసెంబర్‌లో ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై అధ్యక్షుడికి ఓటేస్తారు. మొత్తం 538 మంది, 270 వస్తే గెలిచినట్టు. ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే అంతమంది ఎలక్టర్లు, సెనేటర్ల (ఎగువ సభ సభ్యుల) లెక్కన ఇంకో ఇద్దరు. ఇంతవరకూ పెద్ద గొడవ లేదు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు మెజారిటీ వచ్చినా ఆ రాష్ట్రంలోని ఎలక్టర్లంతా గెలిచినవాళ్లకే పోతారు, చిక్కంతా అక్కడే ఉంది.

2016లో జరిగింది అదే. హిల్లరీకి దేశం మొత్తం మీద దాదాపు 28.7 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి, కానీ ఒక్క కాలిఫోర్నియాలోనే ఆమె మెజారిటీ 42 లక్షలు దాటింది. అక్కడ ఒక్క ఓటుతో గెలిచినా అవే 55 ఎలక్టోరల్ ఓట్లు వచ్చేవి, మిగతా లక్షల మెజారిటీ దేనికీ పనికిరాలేదు. ట్రంప్ మాత్రం మిషిగన్‌లో 10,704 ఓట్లతో, విస్కాన్సిన్‌లో దాదాపు 23 వేలతో, పెన్సిల్వేనియాలో 44 వేల చిల్లరతో బయటపడి, ఆ మూడు రాష్ట్రాల 46 ఎలక్టోరల్ ఓట్లూ తీసుకుపోయారు. మూడూ కలిపినా 78 వేల ఓట్లు లేవు!

ఇది ఒక పార్టీకే జరిగే అన్యాయం అనుకోకండి. 2020లో కాలిఫోర్నియాలో ట్రంప్‌కి 60 లక్షల ఓట్లు పడ్డాయి, తను గెలిచిన టెక్సాస్‌లో కంటే ఎక్కువ. వాళ్ల ఓట్లు కూడా మీ అబ్బాయి ఓటులాగే పోయాయి. అదే జార్జియాలోని అట్లాంటా శివార్లలో ఉండే మనవాళ్లకైతే ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు, తలుపు తట్టే కార్యకర్తలు, ఎందుకంటే ఆ ఏడాది జార్జియా తేలింది 12 వేలలోపు ఓట్లతో.

2000లో బుష్, అల్ గోర్ పోటీపడ్డప్పటి ఫ్లోరిడా సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. అధికారులు రంధ్రం చేసి ఓటేసే కార్డులను ఒక్కొక్కటిగా వెలుతురుకి ఎత్తి పట్టుకుని, రంధ్రం పూర్తిగా పడిందా, కాగితం ముక్క ఇంకా వేలాడుతోందా అని కళ్లు చికిలించి చూశారు. చివరికి సుప్రీంకోర్టు రీకౌంటింగ్ ఆపేసింది, 537 ఓట్ల తేడాతో ఫ్లోరిడాతో పాటు దేశమూ బుష్ చేతికి వెళ్లింది. దేశవ్యాప్తంగా అల్ గోర్‌కి 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువున్నాయి.

ప్రశ్న: మన రాష్ట్రపతి ఎన్నికా ఇలాంటిదేనా? గ్రూప్స్‌కి చదువుతున్నాను, రెండూ కలిసిపోయి కన్ఫ్యూజన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండింటినీ ఎలక్టోరల్ కాలేజీ అనే అంటారు, పేరు ఒకటే, పని వేరు. మన దగ్గర ఓటేసేది అప్పటికే ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. పైగా ఎమ్మెల్యే ఓటు విలువ జనాభాను బట్టి ఉంటుంది. 2022లో తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేది 159, సిక్కింలో 7. అమెరికాలో ఆ ఇద్దరు సెనేటర్ల లెక్క వల్ల చిన్న రాష్ట్రానికి బరువు పెరుగుతుంది: వయోమింగ్‌లో దాదాపు 1.9 లక్షల మందికి ఒక ఎలక్టర్, కాలిఫోర్నియాలో 7.3 లక్షల మందికి ఒకరు.

మీకు దగ్గరి పోలిక కావాలంటే అసెంబ్లీ ఎన్నికలు చూడండి. 2018లో మధ్యప్రదేశ్‌లో బీజేపీకి ఓట్లు కాస్త ఎక్కువ, సీట్లు మాత్రం కాంగ్రెస్‌కి 114, బీజేపీకి 109.

ప్రశ్న: ఇంత తెలిసీ ఎందుకు మార్చరు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ప్రయత్నించారండీ. నేరుగా ఎన్నిక పెడదామని 1969లో ప్రతినిధుల సభ 338–70తో రాజ్యాంగ సవరణకు ఒప్పుకుంది, మరుసటి ఏడాది సెనేట్‌లో అడ్డుపడి ఓటింగ్ దాకా రానివ్వలేదు. సవరణకు నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే 50లో 38 సరేననాలి, ఈ పద్ధతిలో లాభపడే రాష్ట్రాలు ఎందుకంటాయి?

చిన్న రాష్ట్రాలను కాపాడేందుకే ఇది అంటారు గానీ నేను ఒప్పుకోను. ప్రచారం జరిగేది వయోమింగ్‌లో కాదు, పెన్సిల్వేనియాలో. ఎవరి ఓటైనా ఒకే బరువు తూగాలి, అంతే.

ఇప్పుడున్న ఆశ రాష్ట్రాల మధ్య ఒప్పందం. దేశం మొత్తంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లకే మా ఎలక్టర్లను ఇస్తామని కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. చేరిన రాష్ట్రాల బలం 270కి చేరితేనే అది అమల్లోకి వస్తుంది. 2024లో మెయిన్ చేరాక ఆ లెక్క 209కి వచ్చింది. టెక్సాస్ ఆ జాబితాలో లేదు, కానీ 270 పూర్తయి ఒప్పందం నిలబడితే డల్లాస్‌లో మన తెనాలి పాఠకురాలి అబ్బాయి వేసే ఓటూ లెక్కలోకి వస్తుంది.